ఆపరేషన్ ఆపలేనిది
డాక్టర్ సునీతి సోలొమన్ స్మృతికి నివాళిగా, మంసాపురం తెలుగువారి ముందు చేసిన ఉపన్యాసం



ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న డాక్టర్ సునీతి సోలొమన్ మద్రాసు మెడికల్ కాలేజీలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పిన ఆచార్యులు. మన దేశంలో ఎయిడ్స్ లేదు, రాదు అని పెద్దపెద్దవాళ్లు ధీమాగా ఉన్న రోజుల్లో ఆమె తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలను పరీక్షలు మొదలుపెట్టమన్నారు. నిర్మల ప్రభుత్వ సంరక్షణ గృహంలో ఉన్న స్త్రీల రక్త నమూనాలు సేకరించి, ఇంట్లో ఫ్రిజ్‌లో భద్రపరిచి, రైల్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లారు. 1986లో ఆ నమూనాల్లో ఆరింటిలో హెచ్‌ఐవి బయటపడింది. దేశంలో ఈ వైరస్‌ను కనిపెట్టడం అదే మొదలు. సునీతి గారు 1993లో వై.ఆర్.జి. కేర్ అనే సంస్థను నెలకొల్పి, 2015 జులైలో కన్నుమూసేదాకా రోగుల మధ్యే ఉన్నారు. 2017లో ప్రభుత్వం ఆమెకు మరణానంతరం పద్మశ్రీ ఇచ్చింది. ఆమె జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం 1986 నాటిదే. మనం నేర్చుకోవలసిన పాఠం మాత్రం ఆ తర్వాత వచ్చింది. ఆమె సంస్థకు వచ్చిన హెచ్‌ఐవి సోకిన 134 మంది స్త్రీల వివరాలతో 2000లో ఒక అధ్యయనం వెలువడింది. వారిలో అత్యధికులు గృహిణులు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది జీవితంలో ఒక్క పురుషుణ్ణే ఎరిగినవాళ్లు. వారిలో ఎక్కువమందికి రోగం వచ్చిన దారి ఒక్కటే: సొంత భర్త.

ఆ అధ్యయనం మన ముందు పెట్టే ప్రశ్నే ఈ ఉపన్యాసానికి వస్తువు. పెళ్లయి, ఇద్దరు పిల్లల్ని కని, ఆపరేషన్ చేయించుకున్న స్త్రీ ఇక తనకు ఏ భయమూ లేదనుకుంటుంది. ఒక భయం నిజంగానే పోయింది. రెండోది అలాగే ఉంది. గర్భం రాకుండా కాపాడేది వేరు, రోగం రాకుండా కాపాడేది వేరు. మన సమాజం మొదటిదాన్ని ప్రపంచం మెచ్చేలా సాధించింది. రెండోదాన్ని మొదటిదానిలోనే కలిపేసుకుని మరిచిపోయింది. ఈ రెంటినీ విడివిడిగా తెలుసుకుని, రెంటికీ విడివిడిగా ఏర్పాటు చేసుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

ముందు గర్భం సంగతి చూద్దాం. నెలకొకసారి విడుదలయ్యే అండం దాదాపు ఒక రోజు బతుకుతుంది. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. ఆ కొద్ది రోజుల్లో ఈ రెండూ అండవాహికలో కలిస్తే గర్భం మొదలవుతుంది. ఏ జాగ్రత్తా లేకుండా ఏడాది పాటు కాపురం చేసే 100 జంటల్లో దాదాపు 85 జంటలకు గర్భం వస్తుంది. గర్భనిరోధక పద్ధతులన్నీ ఈ కలయికకు ఎక్కడో ఒకచోట అడ్డుపడేవే. ట్యూబెక్టమీలో అండవాహికల్ని మూసేస్తారు. వేసెక్టమీలో వీర్యకణాలు వచ్చే నాళాన్ని కత్తిరించి ముడివేస్తారు. ఆ ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు ఆగి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలేదాకా ఇంకో జాగ్రత్త తప్పనిసరి అని చాలామందికి తెలియదు. మాలా-డి లాంటి మాత్రలు అండం విడుదల కాకుండా చూస్తాయి, గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరుస్తాయి. మూడు నెలలకొకసారి ఇచ్చే ‘అంతర’ అనే ఇంజెక్షన్ పనీ అంతే. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఛాయా మాత్రలో హార్మోను లేదు. దాన్ని మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి వేసుకోవాలి. కాపర్-టి నుంచి ఊరే రాగి వీర్యకణాల్ని దెబ్బతీస్తుంది. 380ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది. జాగ్రత్త తప్పిన సందర్భానికి 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర ఉంది. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు.

ఇవి ఏ మేరకు పనిచేస్తాయో అమెరికాలో వాడుకదార్ల అనుభవం మీద కట్టిన లెక్కలు చెబుతాయి. ఏడాదిలో 100 మందికి గర్భం వచ్చేది స్త్రీల ఆపరేషన్‌తోనూ, కాపర్-టితోనూ ఒకరికంటే తక్కువ. వేసెక్టమీతో ఇంకా తక్కువ. రోజూ వేసుకునే మాత్రలతో మామూలు వాడకంలో ఏడుగురు, ఒక్కటీ మరవకుండా వేసుకుంటే ఒకరికంటే తక్కువ. కండోమ్‌తో మామూలు వాడకంలో 13 మంది, ప్రతిసారీ సరిగ్గా వాడితే ఇద్దరు. ఈ పట్టికను గర్భం అనే ఒక్క కొలతతో చదివితే కండోమ్ కింది వరుసలో ఉంటుంది. మన ఆరోగ్య కార్యకర్తలు, వైద్యులు దశాబ్దాలుగా అలాగే చదివారు. రోగం అనే రెండో కొలత పెట్టి చూస్తే పట్టిక తలకిందులవుతుంది. పై వరుసలోని ఆపరేషన్లు, కాపర్-టి, ఇంజెక్షన్, మాత్రలు అన్నీ సున్నా దగ్గర ఆగిపోతాయి. కండోమ్ ఒక్కటే నిలుస్తుంది.

కారణం శరీరంలోనే ఉంది. గర్భం రావాలంటే వీర్యకణం అండవాహిక దాకా ప్రయాణించాలి, కాబట్టి దారిలో ఎక్కడ అడ్డుకున్నా చాలు. రోగానికి అంత ప్రయాణం అక్కరలేదు. సెగవ్యాధి, క్లామిడియా క్రిములు యోనిలోకి, గర్భాశయ ముఖద్వారం దగ్గరికి చేరితే చాలు, అక్కడే కాపురం పెడతాయి. హెచ్‌ఐవి, హెపటైటిస్-బి వైరస్‌లు వీర్యంలోనూ యోనిస్రావాల్లోనూ ఉండి, పలుచని పొరల గుండా లోపలికి పోతాయి. అండవాహికకు వేసిన ముడి గర్భాశయానికి అవతల ఎక్కడో ఉంది. క్రిమి ప్రవేశించేది వాకిట్లోనే. వేసెక్టమీ చేయించుకున్న మగవాడి వీర్యంలో వీర్యకణాలు ఉండవు గానీ ద్రవం ఉంటుంది. అతనికి రోగం ఉంటే ఆ ద్రవంలో అదీ ఉంటుంది. కండోమ్ మాత్రం ద్రవాన్నే బయట ఆపుతుంది. అందుకే ఒకే పొర రెండు పనులూ చేస్తుంది.

ఈ మాటకు గట్టి ఆధారం ఆఫ్రికా నుంచి వచ్చింది. 2019లో ఫలితాలు వెల్లడైన ఎకో అధ్యయనంలో దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాతీనిలకు చెందిన 7,829 మంది స్త్రీలకు ఇంజెక్షన్, రాగి లూప్, చేతి చర్మం కింద పెట్టే హార్మోను కడ్డీ అనే మూడు పద్ధతుల్లో ఒకటి ఇచ్చారు. మూడూ గర్భాన్ని చక్కగా ఆపాయి. కానీ అధ్యయనం ముగిసేసరికి 397 మందికి హెచ్‌ఐవి సోకింది. మూడు పద్ధతుల మధ్య పెద్ద తేడా లేదు. గర్భనిరోధంలో మేటి పద్ధతులు చేతిలో ఉన్న స్త్రీలకే ఆ గతి పట్టిందంటే, ఈ రెండు రక్షణలు ఎంత వేరో ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలో ఇదే అత్యధికం. తెలంగాణలో ఇది దాదాపు 62 శాతం, మనమున్న తమిళనాడులో 58 శాతం దగ్గర ఉంది. దేశ సగటు 38 శాతమే. కండోమ్ మీద ఆధారపడే జంటలు ఆంధ్రలో ఒక శాతం కూడా లేరు. ఈ ఆపరేషన్ల వల్ల జరిగిన మేలును నేను తక్కువ చేయను. ఏటా కాన్పుతో చిక్కిపోయే తల్లులు ఈ తరంలో లేరు, సంతాన రేటు ఆంధ్రలో 1.7కి, తమిళనాడులో 1.8కి దిగింది. కానీ దక్షిణాదిన చాలామంది స్త్రీలు పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నారు. ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ల కాపురం మిగిలే ఉంటుంది. పిల్లలు పుట్టరు కాబట్టి ఆ ఇంట్లోకి కండోమ్ రావడానికి కారణమే ఉండదు. అదే సమయంలో, 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవి దేశం మొత్తం మీద 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. ఈశాన్యంలోని మూడు చిన్న రాష్ట్రాల తర్వాత స్థానం ఆంధ్రదే. ఆపరేషన్ల వల్ల రోగం పెరిగిందని నేననడం లేదు. ఆ రెండు అంకెల మధ్య అలాంటి సంబంధం అంటగట్టడం తప్పు. రోగం ఉన్నచోటే రక్షణ లేకపోవడం ప్రమాదం అని మాత్రమే అంటున్నాను.

ఈ ఒంటికాలి నడకకు చరిత్ర ఉంది. 1952లో కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన తొలి దేశం మనది. 1968లో నిరోధ్ కండోమ్ వచ్చినప్పుడు మూడింటికి 15 పైసలు. టీ పొడి, సబ్బులు, సిగరెట్లు, బ్యాటరీలు అమ్మే కంపెనీల చేత దాన్ని పల్లె కొట్టు దాకా పంపించారు. మరుసటి ఏడాది పడమటి కనుమలకు ఆవల, తిరువనంతపురం దగ్గరి పేరూర్కడలో హిందుస్థాన్ లేటెక్స్ కర్మాగారం వాటి తయారీ మొదలుపెట్టింది. ఆ రోజుల్లో మగవాళ్లూ బాధ్యత పంచుకున్నారు. 1971 జులైలో ఎర్నాకుళం శిబిరంలో ఒక్క నెలలో దాదాపు 63 వేల వేసెక్టమీలు జరిగాయి. ఎమర్జెన్సీలో, 1976–77లో, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లకు, చాలావరకు బలవంతంగా చేసినవి. ఆ భయంతో మగవాడు ఈ బరువు దించేసుకున్నాడు. ప్రభుత్వం మళ్లీ అతని జోలికి పోకుండా దాన్ని స్త్రీ నెత్తిన పెట్టింది. 2019–21 సర్వేలో ఆంధ్రలో మగవారి ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. కండోమ్ మగవాడు తొడుక్కునేది. మగవాడు పక్కకు తప్పుకోగానే అదీ పక్కకు తప్పుకుంది.

ఇక అభ్యంతరాలకు వస్తాను. వీటిని తేలిగ్గా కొట్టిపారేయలేం. మొదటిది: కండోమ్ చిరిగిపోతుంది, దాని సన్నని రంధ్రాల్లోంచి వైరస్ దూరిపోతుంది అంటారు. బ్యాండేజీ గుడ్డ నేసే ఛత్రపట్టి పక్కనే ఉన్న మనకు దీన్ని వివరించడం తేలిక. ఆ గుడ్డలో పడుగు, పేక మధ్య కావాలనే సందు వదులుతారు, గాయానికి గాలి తగలాలి కాబట్టి. కండోమ్ నేసింది కాదు. గాజు అచ్చును గంధకం కలిపిన రబ్బరు పాలలో ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచి, వేడితో గట్టిపరిచిన ఒకే పొర అది. ప్రతి కండోమ్‌నూ విద్యుత్తుతో పరీక్షిస్తారు, కొన్నింటిని ఏరి నీళ్లు నింపి, గాలి ఊది చూస్తారు. వైరస్ పరిమాణపు రేణువులతో అమెరికా ఆహార, ఔషధ సంస్థ శాస్త్రవేత్తలు 1992లో చేసిన పరీక్షలో, ఎంత చెడ్డ పరిస్థితిలోనైనా కండోమ్ వల్ల తగిలే ద్రవం పదివేలో వంతుకు లేదా అంతకంటే తక్కువకు తగ్గుతుందని తేలింది. ఒకరికి వైరస్ ఉండి మరొకరికి లేని జంటల మీద జరిగిన పరిశీలనలన్నీ కలిపి చూస్తే, ప్రతిసారీ వాడినవారిలో హెచ్‌ఐవి దాదాపు 80 శాతం తగ్గింది. మిగతా ఇరవై శాతాన్ని దాచకూడదు. చర్మం చర్మానికి తగిలి వచ్చే హెర్పిస్, సవాయి పుండ్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పివి వైరస్ విషయంలో కండోమ్ కప్పని చోటు కొంత మిగులుతుంది కాబట్టి రక్షణ పాక్షికమే. హెచ్‌పివికి, హెపటైటిస్-బికి టీకాలున్నాయి, అవి వేయించాలి.

చిరగడానికి కారణం చాలావరకు వాడే తీరులోనే ఉంది, ఆ తీరు నేర్చుకోవచ్చు. గడువు తేదీ చూడాలి. ఎండలో, చొక్కా జేబులో, బండి డిక్కీలో నెలల తరబడి పెట్టింది వాడకూడదు. పళ్లతో చింపకూడదు. కలయికకు ముందే, మొదటి తాకిడి నుంచే తొడగాలి. తొడిగేటప్పుడు కొనను వేళ్లతో నొక్కి గాలి తీసేయాలి. కొబ్బరినూనె, వాసలీన్ రాయకూడదు. నూనె తగిలిన రబ్బరు నిమిషాల్లో పట్టు కోల్పోతుంది. నీటితో చేసిన జెల్లీ అయితే పరవాలేదు. ఒకదాని మీద ఒకటి రెండు తొడిగితే రాపిడికి చిరిగే ప్రమాదమే ఎక్కువ. అయిపోయాక మొదలు పట్టుకుని వెంటనే బయటికి తీయాలి. ప్రతిసారీ వాడక, ఈ తీరు పాటించకనే వందలో ఇద్దరు పదముగ్గురయ్యారు.

రెండో అభ్యంతరం: ఇవన్నీ బాహాటంగా చెబితే పిల్లలు చెడిపోతారు. ఈ భయం కన్నవాళ్ల ప్రేమలోంచి వచ్చింది, దాన్ని గౌరవిస్తాను. కానీ దాన్ని పరీక్షించి చూశారు. వివిధ దేశాల్లో బడుల్లో జరిగిన లైంగిక విద్య మీద యునెస్కో చేయించిన సమీక్షల్లో, ఈ చదువు వల్ల పిల్లలు ముందుగా కలయికకు దిగడం గానీ, దాన్ని ఎక్కువ చేయడం గానీ కనబడలేదు. చెప్పకపోతే పిల్లలు తెలుసుకోకుండా ఉండరు, సెల్‌ఫోన్‌లో తప్పుగా తెలుసుకుంటారు. జాతీయ సర్వేలో హెచ్‌ఐవి గురించి సమగ్రంగా తెలిసినవాళ్లు స్త్రీలలో 22 శాతం, పురుషుల్లో 31 శాతం లోపే. మౌనం కాపాడిన పవిత్రత ఇదీ.

మూడోది అన్నిటికన్నా లోతైనది: పెళ్లయినవాళ్ల మధ్య కండోమ్ అంటే అనుమానం కాదా? భర్తను అడిగితే అతను కొట్టడా? సునీతి గారి దగ్గరికి వచ్చిన స్త్రీలు నమ్మకం లేక రోగం తెచ్చుకోలేదు, నమ్మి తెచ్చుకున్నారు. అడగలేని స్థితిలో ఉన్న స్త్రీని అడగమనడం అన్యాయమని నేనూ ఒప్పుకుంటాను. అందుకే ఈ మాట మొదట మగవాళ్లతో చెప్పాలి. పని కోసం నెలల తరబడి ఊళ్లు తిరిగే భర్త, లారీ నడిపేవాడు, సరుకు బేరానికి వెళ్లేవాడు ఇంటికి తిరిగొచ్చి భార్య అడగకముందే తనే పరీక్ష చేయించుకోవాలి, ఫలితం వచ్చేదాకా తనే కండోమ్ వాడాలి. అది అనుమానానికి గుర్తు కాదు, ఇంటి పెద్ద అనే మాటకు అర్థం అది. తర్వాత ఆరోగ్య వ్యవస్థ ఆ బరువును తన మీద వేసుకోవాలి. ఆపరేషన్ రోజు నర్సు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెబితే, అడిగింది భార్య కాదు, ఆసుపత్రి అవుతుంది.

నాలుగోది: ఇప్పుడు మందులొచ్చాయి కదా, ఇంకా ఈ భయమెందుకు? నిజమే, 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవి మందులు ఉచితంగా ఇస్తోంది. వాటిని క్రమం తప్పక వాడి వైరస్‌ను రక్తంలో కనబడనంతగా తగ్గించుకున్నవాళ్ల నుంచి కలయిక ద్వారా అది ఇతరులకు సోకదు. ఇది ఈ కాలపు గొప్ప విజయం. కానీ ఆ మందు తనకు రోగం ఉందని తెలిసినవాడికే అందుతుంది. పైగా రోగం హెచ్‌ఐవి ఒక్కటే కాదు. ప్రపంచంలో రోజూ పది లక్షలకు పైగా కొత్త సుఖవ్యాధులు సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాటిలో ఎక్కువ వాటికి లక్షణాలే కనబడవు. క్లామిడియా నిశ్శబ్దంగా అండవాహికల్ని పాడుచేసి, తర్వాత పిల్లలు కావాలనుకున్నప్పుడు పుట్టకుండా చేస్తుంది. సెగ క్రిమి ఒకదాని తర్వాత ఒకటిగా యాంటిబయాటిక్‌లను లొంగదీసుకుంటోంది.

జాగ్రత్త ఫలిస్తుందనడానికి సాక్ష్యం మన పొరుగునే ఉంది. థాయ్‌లాండ్ 1991లో వ్యభిచార గృహాల్లో నూటికి నూరు శాతం కండోమ్ వాడకాన్ని దేశమంతా అమలు చేసింది. 1989లో 14 శాతం ఉన్న వాడకం నాలుగేళ్లలో 94 శాతానికి చేరింది, సుఖవ్యాధులు దాదాపు 80 శాతం తగ్గాయి. మన తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో 15–24 ఏళ్ల గర్భిణుల్లో హెచ్‌ఐవి 2000లో 1.7 శాతం ఉంటే 2004 నాటికి 1.1 శాతానికి దిగింది. సెక్స్ వర్కర్లు, వారి దగ్గరికి వెళ్లే మగవాళ్లు కండోమ్ వాడటం పెరగడమే దీనికి ముఖ్య కారణమని ఈ లెక్క కట్టిన పరిశోధకులు భావించారు. ఆ గర్భిణులు అలాంటి మగవాళ్ల భార్యలు, కోడళ్లు, కూతుళ్లు. ఎక్కడో ఒక లాడ్జిలో వాడిన కండోమ్ ఒక ఇంట్లో కడుపుతో ఉన్న పడుచును కాపాడింది.

కాబట్టి నా విన్నపాలు కొన్నే. ఆపరేషన్ చేయించుకున్న ప్రతి స్త్రీకీ ఇంటికి పంపే ముందు, ఇది గర్భాన్నే ఆపుతుంది, రోగాన్ని ఆపదు అని ఆమె భాషలో, భర్త ఎదుట, వైద్య సిబ్బంది చెప్పాలి. కాపర్-టి, ఇంజెక్షన్, మాత్ర ఏది ఎంచుకున్నా, సోకే అవకాశం ఉన్నచోట కండోమ్‌ను దానికి తోడుగా ఇవ్వాలి. అప్పుడు గర్భానికి ఒక అడ్డు, రోగానికి ఒక అడ్డు, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. మిల్లు హాస్టళ్లలోనూ ఉన్నత పాఠశాలల్లోనూ ఈ పాఠం చెప్పడానికి ఒక గంట కేటాయించాలి. అనుమానం ఉన్నవాళ్లు ప్రభుత్వాసుపత్రిలోని నంబిక్కై మయ్యం అనే హెచ్‌ఐవి పరీక్షా కేంద్రానికి వెళ్లి ఉచితంగా, గోప్యంగా పరీక్ష చేయించుకోవచ్చు, 1097కు ఫోన్ చేసి అడగవచ్చు. ఇద్దరు బిడ్డలు చాలని ఈ నేల మీద మగవాళ్లూ ఆడవాళ్లూ ఒప్పుకోవడానికి అర్ధశతాబ్దం పట్టింది. తల్లి ఆరోగ్యం కూడా ముఖ్యమేనని ఒప్పుకోవడానికి అంతకాలం తీసుకునే హక్కు మనకు లేదు. ఆ బాధ్యతలో సగం మగవాడిది. ఇక్కడున్న మగవాళ్లు దాన్ని ఈ రాత్రి నుంచే ఎత్తుకోవాలని చేతులెత్తి వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.